వెనక్కి తిప్పిన కుర్చీ

ఆ ఓడలో ఆయన ఉద్యోగం తువ్వాళ్ళివ్వడం. అంతే. ఈతకొలను మీద కన్నేసి ఉంచడం ఆయన పని కాదు, పిల్లల్ని కాయడం అంతకన్నా కాదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే తర్వాత దీని మీద చాలామంది గొంతులు చించుకుని వాదించుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆ ఓడ గడప కూడా తొక్కినవాళ్ళు కాదు.

అందరూ ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళు. ప్రయాణికులకీ బాబాయే, వంటవాళ్ళకీ బాబాయే. ఒకసారి కెప్టెన్ గారు కూడా నోరు జారి బాబాయ్ అనేసి, తర్వాత గొంతు సవరించుకున్నారు. మనిషి పొట్టి, ముఖం గుండ్రం, ఎప్పుడు చూసినా ఎవర్నో పలకరించబోతున్నట్టుండే పెదాలు. అలాంటి ముఖంతో పుట్టడంలో ఒక చిక్కుంది. జనం ఇట్టే నమ్మేస్తారు. దారి అడగాలన్నా, సంచి కాస్త పట్టుకోమనాలన్నా అంత గుంపులోనూ ఆ ముఖాన్నే వెతుక్కుంటూ వస్తారు.

ఓడ చాలా పెద్దది. సరదాగా సముద్రం చూసొద్దామనుకునేవాళ్ళ కోసం కట్టింది. అన్నిటికన్నా పై డెక్కు మీద ఈతకొలను, దాని చుట్టూ వాలుకుర్చీలు, ఒక మూల తువ్వాళ్ళ స్టీలు బీరువా, బీరువా పక్కన బాబాయ్ కుర్చీ. గోడకి ఒక పలక కూడా ఉండేది. "ఇక్కడ కాపలాదారు లేరు. ఎవరి జాగ్రత్త వారిదే" అని దాని మీద పెద్ద అక్షరాలు. సరిగ్గా ఆ పలక కిందే బాబాయ్ కూర్చునేవాడు. జనం పలక చదివేవారు, కింద ఆ గుండ్రటి ముఖం చూసేవారు, నిశ్చింతగా వెళ్ళిపోయేవారు.

"బాబాయ్, మావాడు నీళ్ళలో ఉన్నాడు, కాస్త చూస్తుంటారా? ఇప్పుడే వచ్చేస్తా" అని ఒక తల్లి. "పిల్లలిద్దరూ అక్కడున్నారండీ, కాఫీ తెచ్చుకుంటాను" అని ఒక తండ్రి. అలా వెళ్ళినవాళ్ళు కాఫీ తాగి, కబుర్లు చెప్పుకుని, ఒక కునుకు తీసి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. అందరికీ బాబాయ్ జవాబు ఒకటే. "చూస్తాలెండి."

అన్నట్టే చూసేవాడు కూడా. ఇంటికి పెద్దకొడుకుగా పుట్టిన పాపానికి ఆయన చిన్నతనమంతా తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకోవడంతోనే తెల్లారిపోయింది. తల్లి పనికి వెళ్తూ "వీళ్ళని చూస్తుండరా" అనేది. ఆ మాట ఆయన ఒంట్లో ఇంకిపోయింది. చేత్తో తువ్వాలు అందిస్తున్నా, నోటితో వాతావరణం గురించి మాట్లాడుతున్నా, కళ్ళు మాత్రం నీళ్ళలోని తలల మీదే తిరుగుతుండేవి. మునగబోయిన పిల్లల్ని ఎన్నిసార్లు రెక్క పట్టుకుని లాగాడో ఆయనకే గుర్తు లేదు. లాగి, వీపు తట్టి, తువ్వాలు చుట్టి, "అమ్మకి చెప్పనులే, ఏడవకు" అని పంపేసేవాడు. సగం మంది తల్లులకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఇదంతా అలాగే సాగిపోయేది. కానీ అదే కంపెనీకి ఇంకో ఓడ ఉంది. అందులో పళ్ళరసాలమ్మే మనిషొకడు ఇలాగే ఎవరి పిల్లవాడినో "చూస్తాను" అన్నాడు, అని, గ్లాసు అందించడానికి పక్కకి తిరిగాడు. ఈలోగా ఆ పిల్లవాడు కొలను మెట్ల మీద జారి తల పగలగొట్టుకున్నాడు. కేసయింది. ఎవరి జాగ్రత్త వారిదేనని మా పలక మీద రాసే ఉంది కదా అని కంపెనీ వాదించింది. పలక ఏమన్నా మీ మనిషి చూస్తానన్నాడు, అని చూడలేదు, అందుకని తప్పు మీదేనని కోర్టు తేల్చింది.

ఇంకో కంపెనీ అయితే ఈత వచ్చిన మనిషిని కాపలా పెట్టేది. ఈ కంపెనీ లాయరుని పంపింది.

ఆవిడ ఓడలోని నాటకాల హాల్లో పనివాళ్ళందర్నీ కూర్చోబెట్టి మాట్లాడింది. మంచి మనిషి. ఎవర్నీ కసురుకోలేదు, గొంతు పెంచలేదు, నీళ్ళిచ్చినవాడికి థాంక్స్ చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత అందరికీ అనిపించింది. తిట్టేవాళ్ళ మాట ఎవరూ చెవిన వేసుకోరు కదా.

"ఓడలో ప్రయాణికుడికి దెబ్బ తగిలినంత మాత్రాన తప్పు ఓడది అయిపోదు" అంది ఆవిడ. "మనం అజాగ్రత్తగా ఉన్నామని వాళ్ళు రుజువు చెయ్యాలి. ప్రమాదం ఉందని మనకి తెలిసుండాలి. తెలిసీ ఊరుకుని ఉండాలి. తెలియకపోతే?"

జవాబు కూడా ఆవిడే చెప్పింది.

"తెలియకపోతే మన తప్పు లేదు. అందుకని ఇకనుంచి 'చూస్తాను' అన్న మాట ఈ ఓడలో ఎవరి నోటా రాకూడదు."

వెనక వరసలోంచి వంటాయన లేచాడు. నోటికి మూత లేని మనిషి. "నోటితో అనకుండా ఊరికే చూస్తే పర్లేదా మేడమ్?"

"మీరు చూస్తూ కూర్చుంటే, ఎలాగూ చూస్తున్నారు కదా అని వాళ్ళు ధీమాగా ఉంటారు. ఆ ధీమా మనం ఇవ్వకూడదు."

"మరి కళ్ళకి గంతలు కట్టుకోమంటారా?"

హాలంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది. "అంత అక్కర్లేదండీ. కుర్చీ అటు తిప్పుకుంటే చాలు" అంది.

హాస్యానికి అందేమో అనుకున్నారు. మర్నాడు వడ్రంగి స్పానరు పట్టుకుని పై డెక్కు మీదికి వచ్చాడు. అలలకి దొర్లిపోకుండా ఓడలో కుర్చీలన్నిటినీ నేలకి బోల్టులతో బిగిస్తారు. బాబాయ్ కుర్చీ బోల్టులు విప్పి, కుర్చీని జరిపి వెనక్కి తిప్పి, బీరువాకి ఎదురుగా, కొలనుకి వీపు వచ్చేలా పెట్టి మళ్ళీ బిగించాడు. ఒకసారి ఊపి చూశాడు కూడా. ఇంచు కదల్లేదు. "ఏమనుకోకు బాబాయ్, నాకు చెప్పింది నేను చేశాను" అని వెళ్ళిపోయాడు.

ఆ పూట పనివాళ్ళ భోజనాల గదిలో పెద్ద రాద్ధాంతమే జరిగింది.

"కంపెనీ అన్నదాంట్లో అన్యాయం ఏముంది?" అన్నాడు వడ్రంగి. "ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకోవాలి. కని, తెచ్చి, తువ్వాళ్ళిచ్చేవాడి నెత్తిన పెట్టి పోతే ఎలా?"

"అమ్మిన టికెట్లో సముద్రం ఉంది, కొలను ఉంది, జారుడుబల్ల ఉంది. చూసే మనిషి ఒక్కడే లేడు. బాగుందయ్యా వరస" అన్నాడు వంటాయన.

"బస్సులో పిల్లాడు కిటికీలోంచి తల బయట పెడతాడు. డ్రైవరుదా తప్పు?"

"అద్దంలో చూసి కూడా బండి ఆపకపోతే ముమ్మాటికీ డ్రైవరుదే."

"అందుకేగా అద్దం పీకేశారు" అన్నాడు వడ్రంగి.

ఎవరూ నవ్వలేదు. వంటాయన బాబాయ్ వైపు తిరిగి, "నువ్వేమంటావు బావా?" అన్నాడు. ఏ చుట్టరికమూ లేకపోయినా నచ్చినవాళ్ళందర్నీ బావా అనడం ఆయన అలవాటు. బాబాయ్ పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ ఉండిపోయాడు. ఆయనకి వాదించడం చేతకాదు. వీపు వెనక నీళ్ళ చప్పుడు వింటూ కూర్చోవడం ఎలాగో అదొక్కటే ఆలోచిస్తున్నాడు.

మొదటి రోజుల్లో నరకం చూశాడు. వెనక పిల్లలు కేకలు వేస్తుంటే అది ఆటో, ఆపదో తెలిసేది కాదు. మెడ దానంతటదే తిరగబోయేది. సూపర్‌వైజరు దూరం నుంచి "బాబాయ్!" అని ఒక్క మాట అనేవాడు. మెడ మళ్ళీ బీరువా వైపు వచ్చేసేది. ఎవరైనా వచ్చి "కాస్త చూస్తుంటారా" అంటే, నేర్పిన మాట అప్పజెప్పేవాడు. "ఇక్కడ కాపలా ఎవరూ ఉండరండీ. పిల్లల బాధ్యత పెద్దవాళ్ళదే." ఆ మాట ఆ నోటికి అస్సలు నప్పేది కాదు. జనం కూడా పట్టించుకునేవారు కాదు. "అలాగేలెండి" అని నవ్వేసి వెళ్ళిపోయేవారు.

అలా ఉండగా ఒకనాడు బీరువా తలుపు మీద పడిన మరకని గుడ్డతో గట్టిగా రుద్దుతుంటే, ఆ స్టీలులో నీలంగా ఏదో కదిలింది. కొలను. వంకరగా, సాగిపోయి, తలలు సొరకాయల్లా ఉన్నా అది కొలనే. బాబాయ్ ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు నుంచి పొద్దున్నే మొదటి పని బీరువా తలుపు తోమడం. రుద్ది రుద్ది దాన్ని అద్దం చేసేశాడు. ఎవరి తల ఎక్కడ ఉంది, ఎవరు ఆడుతున్నారు, ఎవరు తేలలేక కొట్టుకుంటున్నారు అన్నీ ఆ వంకర బొమ్మల్లోనే పోల్చుకోవడం నేర్చుకున్నాడు. అలా చూసి, ఎవరిదో కేక విని తిరిగినట్టు లేచి, ఒకరిద్దరిని లాగేశాడు కూడా. సూపర్‌వైజరుకి ఇవేవీ తెలియవు. బీరువా అంత తళతళలాడుతుంటే ముచ్చటపడి, ఆ నెల ఉత్తమ ఉద్యోగి అని బాబాయ్ ఫోటో గోడకి పెట్టించాడు. ఎందుకు తోముతున్నాడో తెలిస్తే అదే గోడకి మేకు కొట్టి వేలాడదీసేవాడు.

ఆ తర్వాతి ప్రయాణంలో ఎక్కిన వాళ్ళలో మందుల షాపులో పనిచేసే ఒకావిడ, ఆవిడ కూతురు ఉన్నారు. తల్లి ఎన్నాళ్ళనుంచో సెలవులు దాచుకుని పిల్లకి సముద్రం చూపిద్దామని తెచ్చింది. పిల్ల సన్నగా, చిన్నగా, నోరు మూయకుండా కిచకిచలాడుతుండేది. అందుకని తల్లి పిట్టా అని పిలిచేది. డెక్కు మీద అందరికీ కూడా పిట్టే అయిపోయింది. పిట్ట రోజూ బాబాయ్ దగ్గర కూలబడి ప్రశ్నలేసేది.

"తాతా, నువ్వేం తప్పు చేశావు?"

"ఏం, అలా అడిగావేం?"

"మా స్కూల్లో తప్పు చేస్తే ఇలాగే గోడ వైపు తిప్పి కూర్చోబెడతారు."

బాబాయ్‌కి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎందుకో రాలేదు.

ఆ రోజు ఓడ ఒక రేవులో ఆగింది. జనమంతా దిగి ఊరు చూడటానికి పోయారు. పై డెక్కు బోసిగా ఉంది. ముఖాల మీద టోపీలు కప్పుకుని నిద్రపోతున్న ఒక ముసలి జంట తప్ప ఇంకెవరూ లేరు. పిట్టా, తల్లీ వచ్చారు. పిల్ల గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది తల్లికి, చేతులకి తొడిగే గాలి బుడగలు గదిలోనే మర్చిపోయానని.

"అయ్యో నా మతి మండా. బాబాయ్ గారూ, కిందికెళ్ళి బుడగలు తెచ్చేస్తాను, దీన్ని కాస్త..."

"ఇక్కడ కాపలా ఎవరూ ఉండరమ్మా. పిల్లల బాధ్యత..."

"మీ వాళ్ళు అలా అనమన్నారు కదూ?" ఆవిడ నవ్వింది. "నాకు తెలుసులెండి. మా షాపు ఓనరమ్మ కిందటేడు ఇదే ఓడెక్కింది. బాబాయ్ ఉంటే భయం లేదని చెప్పింది. పిట్టా, కదలకుండా కూర్చో. తాత ఇక్కడే ఉన్నాడు."

ఆవిడ మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. పిట్ట ఏదో పాట అందుకుంది. బాబాయ్ బీరువా తలుపులో ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తున్నాడు. పిల్ల గట్టు మీద నుంచి కాలు చాపింది. తేలుతున్న బంతి కోసం ఇంకొంచెం ముందుకి జరిగింది. పాట ఆగిపోయింది.

నీళ్ళు చప్పుడు కూడా చెయ్యలేదు. తలుపులో గట్టు ఖాళీగా ఉంది. నీలం మధ్యలో చిన్న నల్లటి చుక్క ఒకసారి పైకి వచ్చి, కిందికి పోయింది.

ఆ కొలను లోతు బాబాయ్‌కి ఛాతీ దాకా కూడా రాదు. లేచి నాలుగంగలు వేసి దిగితే చాలు. అది ఆయనకి తెలుసు. కాళ్ళు లేవబోయాయి కూడా. సరిగ్గా అప్పుడు ఆ పాడు ఆలోచన వచ్చింది. ఎలా తెలిసిందని అడిగితే ఏం చెప్పను? వీపు అటు పెట్టుకుని కూర్చున్నవాడు ఉన్నట్టుండి ఎలా దూకాడని కెమెరా చూసి సూపర్‌వైజరు అడుగుతాడు. బీరువా సంగతి బయటపడుతుంది. ఉద్యోగం పోతుంది. ఇదివరకు లాగినప్పుడల్లా చుట్టూ జనం ఉండేవారు, ఎవరో ఒకరు కేక వేసేవారు, ఆ కేకకి తిరిగినట్టు తిరిగేవాడు. ఇవాళ కేక వేసేవాళ్ళు లేరు. తిరగడానికి ఒక సాకు కావాలి.

ఆయన బీరువా తెరిచి తువ్వాలొకటి తీశాడు. నిద్రపోతున్న ముసలాయనకి ఇవ్వడానికన్నట్టు. తువ్వాలు మడత విప్పాడు, దులిపాడు, మళ్ళీ మడత పెట్టాడు. పెట్టి, తిరిగాడు. తిరిగి, గావుకేక పెట్టి నీళ్ళలోకి దూకాడు.

తల్లి గాలి బుడగలు ఊదుకుంటూ మెట్లెక్కి వచ్చేసరికి పిల్ల గట్టు మీద వెల్లకిలా ఉంది. బాబాయ్ దాని ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కుతున్నాడు.

పిట్టకి ఊపిరి వచ్చింది. అదొక్కటే వచ్చింది. రేవులో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు, తర్వాత వాళ్ళ ఊరి ఆసుపత్రికి మార్చారు. కళ్ళు తెరుస్తుంది. ఎవర్నీ పోల్చుకోదు. మాట లేదు, మెతుకు మింగడం రాదు. ఇంకొంచెం ముందు తీసి ఉంటే ఇంత కాకపోవునేమోనని డాక్టర్లు అన్నారు. ఇక జన్మంతా పక్కన ఒక మనిషి ఉండాలి, మందులుండాలి, యంత్రాలుండాలి. తల్లి ఉద్యోగం మానేసింది. కంపెనీ మీద కేసు వేసింది.

ఓడ లాయరమ్మ మళ్ళీ వచ్చింది. బాబాయ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని టీ తెప్పించింది.

"మీరు ఎటు తిరిగి కూర్చున్నారు?"

"బీరువా వైపు మేడమ్."

"అంటే మీరు చూడలేదు."

అది ప్రశ్న కాదు. అందుకని బాబాయ్ జవాబు చెప్పలేదు. ఆవిడ మిగతాదంతా ఓపిగ్గా విడమరిచింది. పై డెక్కు మీద కెమెరా ఒకటుంది. అది కొలను వైపు లేదు, తువ్వాళ్ళ బీరువా వైపు ఉంది. ప్రయాణికులు తువ్వాళ్ళు పట్టుకుపోతున్నారని పెట్టించింది. దాంట్లో బాబాయ్ వీపు స్పష్టంగా కనిపిస్తోంది. తన పని తను చేసుకుంటున్నాడని అందరికీ తెలుస్తుంది. కాపలా ఉండదని చెప్పినా పిల్లని వదిలి వెళ్ళింది తల్లి, కాబట్టి బాధ్యత తల్లిది. ఓడకి ఏ సంబంధమూ లేదు.

"ఒకవేళ చూసి ఉంటే మేడమ్?" అన్నాడు బాబాయ్, ఎవరి గురించో అడుగుతున్నట్టు.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "చూసి వెంటనే కదలకపోతే తప్పు ఓడది అవుతుంది. ఆ పిల్ల ఖర్చంతా కంపెనీ భరించాలి. కానీ కంపెనీతో అయిపోదు. తెలిసి ఊరుకున్న మనిషి మీద పోలీసు కేసు వేరే పడుతుంది, జైలు దాకా వెళ్ళొచ్చు." ఆవిడ గొంతులో బెదిరింపేమీ లేదు. వాన పడేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళండి అన్నట్టు చెప్పింది. "మీరు చూడలేదు కాబట్టి ఆ బాధ మీకు లేదు."

విచారణ దాకా బాబాయ్‌ని ఇంటికి పంపారు. ఆయన భార్య బట్టల షాపులో ఇస్త్రీ చేస్తుంది. మొగుడి ముఖం చూసి మొదట జబ్బేమో అనుకుంది. అన్నం కెలుకుతున్నాడు, తినడు. కిటికీ దగ్గర కూర్చుంటాడు, వీధి చూడడు. వీధిలో పిల్లలు కేక వేస్తే ఉలిక్కిపడి గోడ వైపు తిరుగుతాడు. ఆవిడ పట్టుబట్టి అడిగింది. ఆయన చెప్పేశాడు, తువ్వాలు దగ్గర నుంచి అంతా.

ఆవిడ ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నీకు."

"అయితే నాతోనే ఆగిపోనివ్వండి. మీరు కావాలని చేశారా ఏంటి? భయపడ్డారు. మిమ్మల్ని భయపెట్టినవాళ్ళు బాగానే ఉన్నారు కదా, వాళ్ళెవరైనా జైలుకి పోతున్నారా?"

"ఆ పిల్లని ఎవరు చూస్తారే?"

"నన్నెవరు చూస్తారండీ?" అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఆయన్ని ఎక్కువ నలిపేసింది.

విచారణ రోజు కోర్టు వరండాలో పిట్ట తల్లి ఎదురైంది. గుర్తు పట్టలేనంత చిక్కిపోయింది. బాబాయ్ పక్కకి తప్పుకోబోయాడు. ఆవిడే వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. 

"మీరేం బాధపడకండి బాబాయ్ గారూ. మీ మీద నాకేం లేదు. ఆ కెమెరా వీడియో నాకు చూపించారు. పాపం తువ్వాలు మడతపెట్టుకుంటున్నారు. మీకేం తెలుసు? మీరు చూసుంటే ఒక్క క్షణం ఆగేవారా? నాకా నమ్మకం ఉంది. తప్పు నాదే. దాన్ని వదిలి వెళ్ళింది నేనే. మా లాయరు గారు కూడా అంటున్నారు, కేసు నిలబడదేమోనని."

  ఆవిడ ఆయన చెయ్యి నిమిరి లోపలికి వెళ్ళింది. తిట్టినా, ముఖాన ఉమ్మినా మౌనంగా భరించి, ఇంటికి పోయి బతికేవాడేమో. ఆవిడ చెయ్యి నిమిరింది.

లోపల వాదన మొదలైంది. చిన్న గది, పాత ఫ్యాను, గోడకి తెర. ఓడ లాయరమ్మ తన మామూలు గొంతుతోనే మాట్లాడింది. పలక ఉంది, మాటతో కూడా హెచ్చరించారు, కంపెనీ మనిషికి ప్రమాదం తెలిసే వీలే లేదు. తల్లి తరఫు లాయరు లేచి, పిల్లలు తిరిగే చోట కాపలా పెట్టకపోవడమే అజాగ్రత్త కాదా అన్నాడు. చట్టంలో అలా పెట్టి తీరాలని ఎక్కడుందో చూపించమంది ఆవిడ. ఆయన నీళ్ళు నమిలాడు. తర్వాత దీపాలు తగ్గించి వీడియో వేశారు. తెర మీద బాబాయ్ వీపు కనిపించింది. తెరిచిన బీరువా, చేతిలో తువ్వాలు. విప్పాడు, దులిపాడు, మడత పెట్టాడు.

"పిల్ల మునగడం చూసిన మనిషెవరైనా ఇంత నింపాదిగా తువ్వాలు మడత పెడతాడా?" అంది లాయరమ్మ. గదిలో చాలామంది తలలూపారు. అందరికన్నా ముందు తలూపింది పిట్ట తల్లే.

జడ్జి గారు బోనులో ఉన్న బాబాయ్ వైపు చూశారు. "మీరు చూడలేదు, అంతేగా?"

భార్య వెనక బల్ల మీద కూర్చుని ఉంది. బాబాయ్ అటు చూడలేదు.

"చూశానండీ" అన్నాడు.

లాయరమ్మ చటుక్కున లేచింది. జడ్జి గారు చెయ్యెత్తి ఆపారు. బాబాయ్ చెప్పుకుపోయాడు. బీరువా తలుపు అద్దంలా తోమిన సంగతి, దాంట్లో రోజూ చూస్తున్న సంగతి, పిల్ల జారడం చూసిన సంగతి. "ఎలా తెలిసిందని అడుగుతారని భయం వేసిందండీ. వెనక్కి తిరగడానికి ఏదో ఒక పని ఉన్నట్టు కనబడాలి. అందుకని తువ్వాలు తీశాను."

తల్లి తరఫు లాయరు ముఖం వెలిగిపోయింది. చేతిలోంచి జారిపోయిన కేసు ఒళ్ళోకి వచ్చి పడింది మరి. పక్కకి వంగి, "మనం గెలిచామమ్మా, ఇక పాపకి ఏ లోటూ ఉండదు" అని గుసగుసలాడాడు. ఆవిడకి వినిపించినట్టు లేదు. ఆవిడ నిలబడింది.

"ఆ వీడియో ఇంకోసారి వెయ్యమనండి" అంది.

 జడ్జి గారు తలూపారు. దీపాలు మళ్ళీ తగ్గాయి. తెర మీద మళ్ళీ అదే వీపు, అదే బీరువా. ఇందాక చూసిందే. బాబాయ్ తువ్వాలు తీశాడు, మడత విప్పాడు, అంచులు పట్టుకుని దులిపాడు. బోనులోని బాబాయ్ కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. తెర మీది బాబాయ్ అంచుకి అంచు కలిపి, చేత్తో సాఫు చేసి, మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"తిరుగు బాబాయ్" అంది ఆ తల్లి, తెర వైపు చూస్తూ. "తిరుగు."